పడవ పేరే పాస్‌వర్డు

“అక్కా, ఎవరో తెల్లగడ్డం ముసిలాయన మీ పడవ కాడ నిలబడి ఏందో చదువుతుండాడు!” అని పక్కింటి కామమ్మ కేకేసింది.

విజయకుమారి పచ్చడి కలుపుతున్న చెయ్యి కడుక్కుని మైపాడు ఒడ్డుకు పరుగెత్తింది.

ఒడ్డున ఎన్ని పడవలున్నా ఆమె కళ్లకు తన పడవే పడవ. ‘పోలేరమ్మ తల్లి’ అని పేరు, కింద నంబరు, ఆమడ దూరానికి కనపడేలా ఎర్రరంగుతో రాయించింది. వాడలోని ఆడవాళ్లంతా కలిసి ఆన్‌లైన్‌లో నడుపుతున్న రొయ్యల పచ్చడి అంగడికీ ఆ పడవ ఫొటోనే పెట్టింది.

“ఏంది సామీ, మా పడవతో నీకేం పని?”

“ఈ పేరూ నంబరేనా తల్లీ, మీ అంగడికి పాస్‌వర్డు?”

అక్షరం పొల్లుపోకుండా అదే. అంగడి చేజారితే హైదరాబాదు దాకా తెచ్చుకున్న పేరు గంగలో కలిసినట్టే.

“నీకెట్టా తెలుసు?”

“ఈ తీరంలో అందరూ అట్నే పెట్టుకుంటుండారు. మార్చెయ్. ఒకదానికొకటి పొత్తులేని మాటలు నాలుగైదు కలిపి పొడుగ్గా పెట్టుకో. మరిచిపోతావనుకుంటే కాయితం మీద రాసి నగల కాడ దాచుకో. ఎవురికీ చెప్పబాక, నాక్కూడా.”

“గుట్టు కనిపెట్టి మళ్లా బుద్ధులా? దొంగసచ్చినోడా, నడువు!”

ఆడవాళ్లు చుట్టుముట్టారు. ఎవరో ఇసుక కూడా విసిరారు.

ముసలాయన చేతులు జోడించాడు. “తిడితే తిట్టు తల్లీ. మార్చు.”

ఆయన బస్సెక్కేదాకా విజయకుమారి నోరు ఆగలేదు. ఇంటికొచ్చి, ఆయన మీది భయంతోనే, పాస్‌వర్డు మార్చింది. ఏం మాటలు పెట్టిందో కథ చెబుతున్న నాకే తెలియదు. మొగుడికీ చెప్పలేదు మహాతల్లి.

వారం తిరక్కుండా కోట ఊరి వైపు ఆన్‌లైన్ అంగళ్లు కొన్ని దొంగ చేతిలో పడ్డాయి. విజయకుమారి ఫోనుకూ మెసేజి వచ్చింది. ఎవరో లోపలికి రాబోయి, పాస్‌వర్డు కుదరక ఆగిపోయారట.

“నా తాళం ముందర వాడి పప్పులు ఉడకలా!” అని ఆమె వాడంతా చాటింది. ఆ రోజు ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు.

దొంగ దొరికాడని చెప్పడానికి ఎస్సై వచ్చాడు.

“ఆ తెల్లగడ్డం ముసిలోడే కదా సార్? నేనప్పుడే కనిపెట్టినా!”

“కాదమ్మా, వాడు పడుచోడు. ఆ ముసలాయన ఊరూరా తిరిగి మీకందరికీ చెప్పి, ఆఖరికి ఆ దొంగను తనే చెయ్యిపట్టుకుని స్టేషనుకు తెచ్చినాడు.”

గుక్కెడు నీళ్లయినా ఇవ్వకుండా తరిమేశానే అని విజయకుమారి ప్రాణం విలవిల్లాడింది.

“అంత గొప్పోడా మా ఒడ్డుకొచ్చింది! ఎవురు సార్ ఆయన?”

ఎస్సై టోపీ పెట్టుకుని వెళ్లబోతూ చెప్పాడు.

“ఆ దొంగను కన్నతండ్రి.”