మూడో పేరు

"ఇయ్యాల గూడ కాలేదా?" అని అడిగింది ముత్తక్క.

"సర్వర్ పనిచేస్తలేదట. సోమారం పోత," అన్నాడు ఆమె భర్త భీమయ్య.

రేషన్ కార్డులో బిడ్డ పేరు తీసేయించడానికి అతడు టేకులపల్లి మండలాఫీసుకని బయలుదేరడం ఇది నాలుగోసారి. ఒకసారి సార్ లేడన్నాడు. ఇంకోసారి ఆటో దొరకలేదన్నాడు. మధ్యలో పత్తి ఏరే పని ఉందని రెండు వారాలు అసలు కదలనే లేదు.

"ఒక్క కాయితం ఇచ్చి వచ్చేతందుకు ఇన్ని దినాలా? నీతోని కాదు, నేనే పోత."

సోమవారం పొద్దున్నే అతని చొక్కా జేబులోని కాగితాలు తీసుకుని ముత్తక్క ఆటో ఎక్కింది.

ఆఫీసులో జనం లేరు. కంప్యూటర్ ముందున్న అమ్మాయి కార్డు నంబరు కొట్టగానే మూడు పేర్లు వచ్చాయి.

"ఎవరిది తీసేయాలె, అమ్మా?"

"మూడోది. మా బిడ్డది."

"పెండ్లయిందా? ఏ ఊరికిచ్చిండ్రు?"

ముత్తక్క చేతిలో బిడ్డ మరణ ధ్రువపత్రం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలని చెయ్యి చాపింది గానీ, పెట్టలేకపోయింది. కాగితం కొంగులో ముడేసుకుని బయటికి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి భీమయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పని అయిందా అని అడగలేదు. మంచినీళ్ల చెంబు అందించాడు.

"పెండ్లయిందా అని అడిగింది," అంది ముత్తక్క.

"నన్ను గూడ అడిగింది," అన్నాడు భీమయ్య. "భద్రాచలం దిక్కు ఇచ్చినం, అల్లుడు మంచోడు అని చెప్పొచ్చిన."