పావుగంటకోసారి నీళ్ళు

"ఇంకో పది నిమిషాలు పరిగెత్తండి సార్."

"అలాగేనమ్మా," అన్నాడు డ్రిల్లు మాస్టారు, ట్రెడ్‌మిల్ మీద రొప్పుతూ.

మధ్యాహ్నం రెండు. వాన కురవక, మబ్బు విడక ఊరంతా ఉక్కతో ఉడుకుతోంది. జిమ్‌లో ఏసీ పాడైందని ఆయనకి చెప్పింది ట్రైనరు. పాడవలేదు. గోడ మీద ఆమె స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది: ఉక్క రోజుల్లో మధ్యాహ్నం వ్యాయామం వద్దు, పావుగంటకోసారి నీళ్ళు తాగండి, తల తిరిగితే ఆగిపోండి. అవి అందరికీ. ఈయనకి కాదు.

"సీసా తెచ్చుకోలేదా సార్?"

"పరుగులో నీళ్ళేంటమ్మా! పిల్లలకి నేనే చెప్పేవాణ్ణి."

అవును, చెప్పేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇలాంటి ఉక్కలోనే, బడి మైదానంలో ఆమె తమ్ముడు పద్నాలుగో రౌండులో కూలబడి నీళ్ళడిగితే, "నాటకాలొద్దు, లే!" అన్నాడు. కంచె ఇవతల నిలబడి ఆమె అంతా చూసింది. వాడు మళ్ళీ లేవలేదు.

వారం కిందట ఈయన మెట్లెక్కి వచ్చి చేరతానన్నప్పుడు ఆమె దరఖాస్తు చదవను కూడా లేదు. ఎవరో తెలిశాక చదవడానికేముంది? సంతకం చూసి సొరుగులో పడేసింది. రెండింటికి రమ్మంటే మారు మాట్లాడలేదు. మందపాటి జాకెట్ వేసుకోమంటే వేసుకున్నాడు. ఇంత తేలిగ్గా దొరికిపోవడం ఆమెకి వెలితిగా కూడా అనిపించింది.

"కష్టంగా ఉంటే ఆపేయండి సార్."

"నువ్వు ఆపమన్నప్పుడే ఆపుతానమ్మా."

రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ తొంగిచూసి కేక పెట్టింది. "ఒసేయ్, పెద్దాయన్ని చూడవే! మొహం కందగడ్డలా అయింది. చెమట కూడా ఆగిపోయింది. నీకేమైనా మతిపోయిందా?"

చెమట ఆగిందంటే వడదెబ్బ ప్రాణం మీదికొచ్చినట్టేనని ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్ళు ఈ నిమిషం కోసమే కాచుకుంది. చేతులు కట్టుకుని నిలబడింది.

ఆయన మోకాళ్ళు మడతపడ్డాయి. నాలుక ఒకసారి పొడి పెదాలని తడిమింది, అచ్చం తమ్ముడిలా.

ఆమె చేతులు ఆమె మాట వినలేదు. ఎర్ర బటన్ నొక్కాయి. జాకెట్ లాగి పారేశాయి. ఏసీ వేశాయి, మెడకీ చంకలకీ ఐసు అదిమిపెట్టాయి.

"ఎందుకాపావమ్మా," గొణిగాడు ఆయన. సంధిలో పేలుతున్నాడనుకుంది.

అంబులెన్స్ వచ్చింది. "ఇంటివాళ్ళ నంబరుందా మేడం?" అడిగాడు నర్సు.

సొరుగులోంచి దరఖాస్తు తీసి మొదటిసారి చదివింది. ఇంటివాళ్ళ గడి ఖాళీ. దాని కింద 'చేరడానికి కారణం' అన్నచోట, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలు.

'ట్రైనరు ఆ పిల్లాడి అక్క.'