ఇరవై అయిదో ఓటు

"పన్నెండూ... పన్నెండు!"

సత్యనారాయణమూర్తి మేష్టారు బోర్డు మీద ఆఖరి గీత గీసేసరికి జువాలజీ ల్యాబు గోలగోలైపోయింది. ఓ పక్క కన్హా, ఇంకో పక్క బందీపూర్. క్లాసు టూరు ఎక్కడికో తేల్చడానికి అమలాపురంలో డిగ్రీ మూడో ఏడాది చదివే ఇరవై నాలుగు మంది ఓట్లేస్తే రెండు అడవులకీ చెరిసగం పడ్డాయి.

"కన్హాయే సార్! మూడేళ్ళు జువాలజీ చదివి పులిని చూడకపోతే ఎలాగండీ?" కృపావతి బల్ల చరిచి మరీ అంది.

"పులి రాకపోతేనో? చెట్లు చూసుకుంటూ కూర్చుంటామా?" నాగసతీష్ లేచాడు. "బందీపూర్లో అయితే ఏనుగులు గుంపులు గుంపులుగా రోడ్డు దాటతాయంటండి సార్!"

"ఏనుగుని మొన్న సర్కస్‌లో చూసేం కదా!"

"పులినీ అక్కడే చూసేం!"

అందరూ గొల్లుమన్నారు. మేష్టారు చెయ్యెత్తారు. "ఆగండర్రా. ఇంకో ఓటుంది. వెంకటదుర్గా, నీదెటమ్మా?"

తలలన్నీ కిటికీ పక్క బల్ల వైపు తిరిగాయి. వెంకటదుర్గ బెరుగ్గా లేచి నిలబడింది.

"మా నాన్న నన్ను పంపరండి. వెళ్ళనిదాన్ని, నాకెందుకండి ఓటు?"

"ఈ సాయంత్రం అడుగు. రేపు పొద్దున్న టికెట్లు రిజర్వు చేయించాలి. నువ్వెటంటే అటే," అని మేష్టారు చేతికంటిన సుద్ద దులుపుకున్నారు.

నాలుగున్నరకి ముక్తేశ్వరం బస్సులో దుర్గ పక్కన కృపావతి కూడా కూర్చుంది. దుర్గ తండ్రి జగ్గయ్యగారితో తనే మాట్లాడతానంది. సినిమాకి వెళ్ళొస్తానన్నా తోడెవరు, ఎన్నింటికొస్తావు అని పదిసార్లు అడిగే మనిషాయన.

"పులి మాటెత్తితే మా నాన్న గుమ్మం కూడా దాటనివ్వరే," అంది దుర్గ. "ఏనుగులంటే... ఏమో, ఒప్పుకుంటారేమో."

కృపావతి కిటికీలోంచి కాలవ కేసి చూస్తూ ఉండిపోయింది. పులి, పులి అని క్లాసంతా ఊరించింది తను. పన్నెండు ఓట్లు కూడగట్టింది తను. కన్హా అంటే దుర్గ రాదు. దుర్గ రావాలంటే కన్హా ఉండదు. ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని కప్పల్ని కోసిన మూడేళ్ళు గుర్తొచ్చాయి. ఈ పిల్లని ఇంట్లో వదిలేసి, తను రైలెక్కి చేతులూపడమా?

"సరే. బందీపూర్ అనే చెబుదాం."

"నిజంగానా?" దుర్గ ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"ఇంకేం మాట్లాడకు. మనసు మారిపోతుంది."

జగ్గయ్య వాకిట్లో కొబ్బరికాయలు వలిపిస్తున్నాడు. ఆడపిల్లలిద్దర్నీ చూసి అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. దుర్గ తల్లి మంగాయమ్మ రెండు గ్లాసులతో కాఫీ తెచ్చింది. కృపావతి గ్లాసు పట్టుకుని, తాగడం మర్చిపోయి మొదలెట్టింది.

"బాబాయిగారండీ, మా క్లాసు టూరుకి దుర్గని కూడా పంపాలండి. బందీపూర్ అని, మైసూరు అవతలండి. చాలా మంచి చోటండి. ఏనుగులు, జింకలు, నెమళ్ళూ..."

"పులులో?"

"ఉన్నాయంటారు గానండి, కనపడవంటండి. మీరేం భయపడక్కర్లేదండి."

జగ్గయ్య మొహం ముడుచుకుంది. "రెండు చోట్లు అనుకుంటున్నారంట కదా. ఆ రెండోదేంటి?"

"కన్హా అండి. అది వద్దులెండి."

"ఏం? ఎందుకొద్దు?"

ఆ ఒక్కటీ అడక్కుండా ఉండాల్సింది. కృపావతి గ్లాసు కింద పెట్టేసింది.

"అక్కడ పులులు కనపడ్డమంటే మామూలుగా కాదండి బాబాయిగారూ! తెల్లారకుండానే మావటివాళ్ళు ఏనుగులేసుకుని వెతుకుతారంటండి. పులి దొరికిందంటే కబురొస్తుందంటండి. మనల్ని కూడా ఏనుగెక్కించి, వెదురుపొదల్లోంచి తీసుకెళ్తారంట. ఇదిగో, మీ కొబ్బరిరాశి ఎంత దూరముందో, అంత దూరంలో పులండి! అలా పడుకుని, మన కేసి చూసి, ఆవులిస్తుందంటండి! ఆ కోరలు, ఆ నాలుక..."

దుర్గ ఆమె కాలు గట్టిగా తొక్కింది.

కృపావతి ఆగిపోయింది. వాకిట్లో కాయలు వలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. మంగాయమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. తన నోటితోనే అంతా పాడుచేసుకున్నానని అప్పుడు తెలిసింది కృపావతికి.

జగ్గయ్య కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. వాకిట్లోకి దిగి, కొబ్బరిరాశి దాకా నడిచి, ఒక్క క్షణం అక్కడే నిలబడి వెనక్కి తిరిగి అరుగు కేసి చూశాడు.

"ఇంత దూరమా?"

"ఆయ్," అంది కృపావతి, వినపడీ వినపడనట్టు.

జగ్గయ్య తిరిగొచ్చాడు. "లాభం లేదు. ఆ బందీపూర్‌కి నేనొప్పుకోను."

దుర్గ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "అక్కడ ఉత్త ఏనుగులే నాన్నా! పులి కనపడనే కనపడదంట!"

"అందుకేనే వద్దంటున్నాను! ఆడపిల్లలకి తోడు రమ్మని మధ్యాహ్నం మీ మేష్టారు ఫోన్ చేస్తే మీ అమ్మా నేనూ సరేనన్నాం. అంత దూరం వచ్చి పులిని చూడకుండా తిరిగి రమ్మంటే ఎలాగే?"