తడి గోడ

తొంభై ఆరులో సంగతి. మద్రాసులో బొమ్మలు గీయడం నేర్చుకొచ్చిన శరణ్య, గుడియాత్తంలో మూతపడిన అగ్గిపెట్టెల గోదాములో చీకటిగది కట్టించింది. ఈ కళను చూడకూడదట, తాకాలట. జనం తడుముకుంటూ వెళ్లి, పచ్చి సున్నపు గోడ మీద అరచేతులు అద్ది వచ్చారు.

రాత్రి జనం వెళ్లాక, గోడ పగలకుండా నీళ్లు చల్లడానికి మేస్త్రీ సుబ్బరాయులు ఒక్కడే లోపలికి వెళ్లాడు. ముప్పై ఏళ్ల సిమెంటు అతని వేళ్లలో స్పర్శను తినేసింది. భార్య పచ్చయమ్మ పోయిన రోజు ఆమె చెయ్యి పట్టుకున్నా చల్లదనం తెలియలేదు. అందుకే తడి చూడాలంటే గోడకు మణికట్టు ఆనిస్తాడు.

మణికట్టుకు గుంటలు తగిలాయి. ఒక చెయ్యి. ఇంకో చెయ్యి. ఆ తర్వాతది గుంట కాదు. అవతలి నుంచి ఎవరో నొక్కినట్టు బయటికి ఉబికి ఉంది. అవతల ఉన్నది రాతిగోడ.

దానికి నాలుగే వేళ్లు, చిటికెన వేలు లేదు. ఇటుకలు మోస్తూ పచ్చయమ్మ పోగొట్టుకున్నదీ చిటికెన వేలే.

అతనికి భయం వేయలేదు. ఏడుపూ రాలేదు. దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"అయిపాయనా పెద్దాయనా? పొద్దన్నే మిగిలినోళ్లు తాకినాక ఆ గోడ కొట్టెయ్యాల," బయటి నుంచి శరణ్య కేకేసింది.

"రేపే ఒద్దమ్మా. ఇంకా ఆరలేదు," అన్నాడు సుబ్బరాయులు.

వేళ్లకు వెచ్చగా తగులుతోంది.