తడి చెక్కల పొగ

రుచి చూసేవారు టీ మింగరు. పబిత్ర కూడా మింగలేదు. నోట్లో తిప్పి తొట్టిలో ఉమ్మి, కళ్ళు మూసుకుంది.

"పొగ," అంది.

సిలిగురి నుంచి ఆ ఉదయమే కొండెక్కి, ఇంటికైనా పోకుండా నేరుగా ఫ్యాక్టరీలోని రుచి గదికి వచ్చింది ఆమె.

"ఆకు చూడండి దిదీ, కొనలన్నీ వెండే కదా," అన్నాడు కప్పులు నింపే బుద్ధిమాన్.

ఆకుకు వంక లేదు. రంగు కొత్త రాగి. మాగిన ద్రాక్ష వాసన సైతం ఉంది, కాని పొగ దాన్ని కప్పేసింది. ఏడాదికొకసారి దొరికే ఆకు అట్టడుగు తరగతికి దిగిపోతుంది.

అది బొగ్గు పొగ కాదు, తడి చెక్కల పొగ. ఆ తేడాను నాలుక పట్టింది, ఆమె పట్టించుకోలేదు.

"ఆరబెట్టే పొయ్యి దగ్గర ఎవరు?"

"దిల్‌బీర్ అని, నేపాల్‌లోని ఇలామ్ జిల్లా నుంచి వచ్చిన కొత్తవాడు. టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుంటాడు. మీరు చూస్తే అందుకే తీసేస్తారు."

ఆమె నవ్వలేదు.

దిల్‌బీర్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కనుబొమ్మలు కాలి ఉన్నాయి.

"నిన్న పొయ్యి వదిలి పోయావా, దాజూ?"

"పోయాను దిదీ. పొగ నా వల్లే. మబ్బు దిగాక..."

"మబ్బు రోజూ దిగుతుంది. కారణాలు నాలుకకు తెలియవు. రేపటి నుంచి రావద్దు."

అతను మధ్యాహ్నం జీపులో సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. అతని ఊరేదో ఎవరూ అడిగి ఉండలేదు.

సాయంత్రం పబిత్ర ఇల్లు చేరేసరికి తల్లి బియ్యప్పిండితో సేల్ రోటీలు వేయిస్తోంది. తల్లి ఆ ఫ్యాక్టరీ తోటలోనే ఆకు కోస్తుంది.

"పండగేమీ లేదుగా, ఇన్నెందుకు ఆమా?"

"నీకు కాదులే, చెయ్యి పెట్టకు."

గుమ్మం పక్కన తల్లి శాలువా ఆరేసి ఉంది. ఉన్ని కూడా టీ ఆకులాంటిదే. దగ్గరున్న వాసనను పీల్చి దాచుకుంటుంది.

అదే పొగ.

"ఈ వాసన ఎక్కడిది ఆమా?"

"నిన్న మబ్బులో దారి తప్పి, విరిగిన చరియ అంచున నిలబడిపోయాం, ఆడవాళ్ళమంతా. మంట కూడా కనబడలేదు. పొగ వాసన పట్టుకునే దిగాం."

తల్లి వేడి రోటీలను గుడ్డలో మూట కట్టి, కూతురి చేతిలో పెట్టింది.

"ఆకు ఆరబోసే మేడ కింద పాత పెట్టెలు పోగేసి, కనుబొమ్మలు కాలినా ఆ మంట ఆరనివ్వలేదే, పొయ్యి దగ్గరి కొత్త మనిషి, అతనికి ఇవి నీ చేత్తోనే ఇచ్చి రా."