పోటీ బేరం

టైర్ల షాపు ముందు ఆ పెద్ద కారు ఆగింది.

ముగ్గురి చేతులు మారి టైలరు దగ్గరికి చేరిన కారు అది. ఇంటిల్లిపాదీ ఒకేసారి పట్టే బండి కావాలని ముచ్చటపడి కొన్నాడు. పిల్లలు దాన్ని "పెదనాన్న" అంటారు.

ఇప్పుడు పెదనాన్న కాళ్లు అరిగిపోయాయి. టైర్ల మీద గీతలు వెతుక్కుంటే తప్ప కనబడటం లేదు. ఈ సెలవుల్లో సముద్రం చూపిస్తానని పిల్లలకి మాటిచ్చేశాడు.

షాపాయన పై అరలోని కొత్త టైర్ల ధర చెప్పాడు. టైలరు గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

"అంతా?"

"చిన్న కారయితే సగానికే వచ్చేవండీ. మీ బండి సైజు అడిగేవాళ్లే తక్కువ."

"మరి ఆ మూలనున్నవి?"

"అవి సెకండ్ హ్యాండ్‌వి. ఎవరో అరగకముందే మార్చేసుకుంటే వచ్చాయి. అచ్చం మీ సైజే."

టైలరు వంగి చూశాడు. నిగనిగలాడే నలుపు, లోతైన గీతలు. గుడ్డ పట్టుకుని రకం చెప్పేసే వేళ్లతో తడిమాడు. బాగానే ఉన్నాయి. అయినా ఏ మూలో అనుమానం పీకుతూనే ఉంది. ఎందుకొచ్చిన గొడవ, అప్పో సొప్పో చేసి కొత్తవే వేయిద్దామనుకుని లేవబోయాడు.

"ఆ నాలుగూ నాకివ్వండి," అని వెనకనుంచి వినబడింది.

బక్కపల్చటి మనిషి. చొక్కా వెలిసిపోయింది. టైర్ల వంకే చూస్తున్నాడు.

టైలరు లేవలేదు.

"ముందొచ్చింది నేనండీ."

"మీరు చూస్తున్నారు. నేను కొంటున్నాను."

"నేనూ కొనడానికే వచ్చాను."

షాపాయన ముఖం చాటంత అయింది. "ఎవరెక్కువిస్తే వాళ్లవి. నాకిద్దరూ ఒకటే."

బక్కాయన ధర పెంచాడు. టైలరు ఇంకాస్త పెంచాడు. ఇంకొకడు ఇంతగా ఎగబడుతున్నాడంటే సరుకులో పస ఉందన్నమాటే కదా. అంతదాకా పీకిన అనుమానం కాస్తా ఎగిరిపోయింది.

బక్కాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిల్లలున్నారా మీకు?"

"ఇద్దరు. అయితే?"

"ఇవి వద్దు. మంచివి కావు."

"మంచివి కాకపోతే మీకెందుకు?"

ఆయన నోరు తెరిచాడు. షాపాయన కళ్లెర్రజేసి చూశాడు. తెరిచిన నోరు మూతబడింది.

టైలరు నవ్వాడు. "నా చేత కొత్తవి కొనిపించి, ఇవి మీరు పట్టుకుపోదామనా? మేమూ నాలుగు బేరాలు చూసినవాళ్లమే."

బేరం పాకాన పడింది. బక్కాయన జేబులన్నీ తిరగేసి బల్ల మీద పోశాడు. టైలరు దాని మీద ఇంకొంచెం వేశాడు. కొత్తవాటి ధరకి అటూ ఇటూగా వచ్చేసిందని తెలుస్తూనే ఉంది. పంతం ముందు లెక్క ఎవడిక్కావాలి?

"దండం పెడతాను. వదిలేయండి," అన్నాడాయన. నిజంగానే చేతులు జోడించాడు.

"ఈసారి కాస్త ముందుగా రండి," అన్నాడు టైలరు.

ఆయన టైలరు కారు అద్దంలోంచి వెనక సీటు మీదున్న చిన్న చెప్పుల జత వంక చాలాసేపు చూసి వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లి భార్యకి గొప్పగా చెప్పుకున్నాడు టైలరు. "ఒకాయన నోరెళ్లబెట్టాడనుకో. నేను వదుల్తానా?"

"పోనీలే, పాపం, ఆయనకేం అవసరమో," అంది ఆవిడ.

సముద్రం ఇంకా కనబడలేదు. పాప వెనక సీట్లోంచి "వచ్చేసిందా నాన్నా?" అని అడుగుతూనే ఉంది. వెనక టైరు పేలింది. కారు రోడ్డు దాటి పల్టీ కొట్టింది.

మిగతా అందరూ దెబ్బలతో బయటపడ్డారు. పాప దక్కలేదు.

కారుని లాక్కొచ్చిన మెకానిక్కు టైరు ముక్క చూపించి తల కొట్టుకున్నాడు. "ఇది ఎప్పుడో అరిగిపోయిందండీ. కత్తి పెట్టి పైపైన మళ్లీ గీతలు చెక్కారు. నల్ల రంగు పూశారు. ఇక లోపల రబ్బరేది?"

టైలరుకి మిషను మీద కాలు ఆడటం లేదు. భార్య ఒక్క మాటా అనలేదు. అదే భరించలేకపోతున్నాడు.

ఒకరోజు టైర్ల షాపుకి వెళ్లాడు. షాపాయన లేడు. ఫిట్టరొక్కడే ఉన్నాడు.

"ఆ రోజు నాతో పోటీ పడ్డాయన ఎక్కడుంటాడు?"

"ఎందుకన్నా?"

"చెప్పాలి. నావల్ల వాళ్లిల్లు నిలబడిందని. ఆ టైర్లు ఆయన కారుకే వేసుకునుంటే..."

ఫిట్టరు చేతిలో రెంచి కింద పెట్టాడు. "ఆయనకి కారెక్కడిదన్నా? సైకిలు కూడా లేదు."

"మరి టైర్లెందుకు?"

"అలాంటివి ఎక్కడ కనబడినా కొని, వెనక ఖాళీ స్థలంలో ముక్కలు ముక్కలుగా కోసేస్తాడు. మళ్లీ ఏ బండికీ ఎక్కకుండా."

"నాతో ఆ ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే గడప తొక్కనివ్వనన్నాడు మా ఓనరు. ఒక్క ఈ షాపేంటి, అందరూ అంతే. అందుకే నోరు కట్టేసుకుని కొనేవాడు. మీ పాప సంగతి తెలిశాక మరి రాలేదు."

గోడవారన అదే మూల, నిగనిగలాడుతూ ఇంకో టైర్ల దొంతర లేచింది.

"ఎవరి పిల్లలో పోతారని అంత ఆరాటం ఎందుకు ఆయనకి?"

ఫిట్టరు తలొంచుకుని మెల్లగా అన్నాడు.

"ఆ గీతలన్నీ ఒకప్పుడు చెక్కింది ఆయనే అన్నా."