మెట్లెక్కే ముక్క

పోటీ రోజు పొద్దున్నే స్టోరు గది బయట నాలుగు క్లారినెట్లు వరసలో నిలబడ్డాయి. అంటే నలుగురమ్మాయిలు. బ్యాండు మాస్టారికి మాత్రం వాళ్ళు క్లారినెట్లే. పేర్లు గుర్తుండవు. ముఖాలు చూడరు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు మూసి, శ్రుతి చూసి పంపుతారు.

చలికి చెక్క వాయిద్యాలు బిగుసుకుపోయి ఉన్నాయి. వరస చివరి పిల్ల వేళ్ళు ఊదుకుంటోంది. ఆమె బెంగంతా ఆ మెట్లెక్కే ముక్క మీదే. పాట మధ్యలో డ్రమ్ములూ, ట్రంపెట్లూ అన్నీ ఆగిపోతాయి. క్లారినెట్లు మాత్రమే గబగబా మెట్లెక్కినట్టు పైకి పోవాలి. నెల్లాళ్ళుగా వంటింట్లో నిలబడి అదే ఊదింది. వినీ వినీ అమ్మకి కూడా వచ్చేసింది. లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ అదే కూనిరాగం.

ఇవాళ అమ్మ సెలవు పెట్టింది. ముందు వరసలో కూర్చుంటానంది.

"నలుగురం ఊదుతాం కదమ్మా, నాది నీకెలా తెలుస్తుంది?"

"నా కూతురి ఊపిరి నాకు తెలీదా ఏంటే!"

మొదట లోపలికెళ్ళిన లీడరమ్మాయి మూతి బిగించుకుని బయటికొచ్చింది.

"ఏమన్నారక్కా?"

"ఏమంటారు? శ్రుతి చూశారు."

తర్వాత పొడుగమ్మాయి. వచ్చీ రాగానే కుళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుంది. మూడో అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "లోపల ఒకటే దుమ్ము" అంది.

అందరికీ పోటీ భయం పట్టుకుందనుకుంది చివరి పిల్ల.

ఆమె వంతొచ్చింది. మాస్టారు శ్రుతి చూపే ట్యూనర్ ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ఆమె ఊదింది. ముల్లు మధ్యకి రాలేదు.

"దిగిపోయింది."

"చలికి సార్. కాస్త వేడెక్కితే..."

"నాకు నేర్పకు. చూడమ్మాయ్, ఆ మెట్లెక్కే ముక్కలో నువ్వు ఊదొద్దు. నోట్లో పెట్టుకుని వేళ్ళు ఆడించు, చాలు. మిగతావాళ్ళు లాక్కొస్తారు."

"సార్, మా అమ్మ వచ్చింది..."

"కప్పు పోతే మీ అమ్మ తెచ్చిస్తుందా? బయట ఈ మాట ఎత్తావో, బ్యాండులోంచి తీసేస్తా."

నలుగురిలో పనికిరానిది తనొక్కతే. ఎవరికీ చెప్పలేదు. అక్కణ్ణించి అందరూ నేరుగా స్టేజీ మీదకే.

పాట బాగానే నడిచింది. ముందు వరసలో అమ్మ కళ్ళు మూసుకుని, చెవి ఇటు పెట్టి కూర్చుంది. మాస్టారి చెయ్యి లేచింది. డ్రమ్ములు ఆగాయి. ట్రంపెట్లు ఆగాయి.

ఊదేద్దామా అనుకుంది. ఊపిరి నిండా ఉంది. పక్కనే ఊదబోతున్న లీడరమ్మాయిని చూసి ధైర్యం చాలలేదు.

క్లారినెట్ నోట్లో పెట్టుకుని ఉత్త వేళ్ళే ఆడించింది. నలుగురి వేళ్ళూ చకచకా మెట్లెక్కుతూనే ఉన్నాయి, హాలంతటికీ వినిపిస్తున్నది మాత్రం ముందు వరసలో అమ్మ తీస్తున్న కూనిరాగం ఒక్కటే.